దీపాలదిబ్బ, వాలుగ దవడ

నారింజ రంగు లైఫ్ జాకెట్టు మెడకి ఒరుసుకుంటోంది. దాని బకిలు ఎటు నుంచి ఎటు దూర్చాలో తెలియక నేను అవస్థ పడుతుంటే మా మరదలు పద్మ అప్పటికే నాలుగు ఫొటోలు తీసేసింది. "వదినా, కాస్త నవ్వండి. జైలుకెల్తన్నట్టు అలా కూకున్నారేటి?" అంది. పద్మ మా తమ్ముడి భార్య. చీపురుపల్లి పిల్ల. పిల్ల అంటున్నాను గానీ దానికీ యాభై దాటాయి. నోటికొచ్చింది అనేస్తుంది, అనేశాక ఎదుటివాళ్ళ కంటే ముందు తనే నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే దాన్ని వెంట తీసుకొచ్చాను. ఒక్కదాన్నే వస్తే రేవులోనే వెనక్కి తిరిగిపోతానేమోనని భయం.

పడవ కొత్తది. పైన నీలం రేకు పందిరి, రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు, ముందు ఒక స్పీకరు. రేవు నుంచి దీపాలదిబ్బకి పావుగంట ప్రయాణం, అక్కడ ముప్పావుగంట విడిది, మళ్ళీ పావుగంటలో వెనక్కి. పడవ నడిపే మీసాలాయన ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో మైకు పట్టుకుని చెప్పుకుపోతున్నాడు. దీపాలదిబ్బ అతి పురాతనమైన దీవి అట. ఒకప్పుడు సముద్రం మీద వచ్చే ఓడలకి దారి చూపించే దీపం అక్కడి మేడ మీద వెలిగేదట. విదేశీ వర్తకులు కట్టుకున్న గిడ్డంగి గోడలు ఇప్పటికీ ఉన్నాయట. నాయనా, ఆ గోడల మీద కూర్చుని చిమ్మిలి ఉండలు తిన్నదాన్ని, నాకు చెబుతున్నావా, అనుకున్నాను. పైకి అనలేదు. మాఘమాసం పొద్దు. నది మీద మంచు ఇంకా విడలేదు. గట్టు కనపడదు, దిబ్బ కనపడదు, నీళ్ళకీ ఆకాశానికీ నడుమ గీత కనపడదు. మోటారు చప్పుడు లేకపోతే మేం కదులుతున్నామో ఆగి ఉన్నామో కూడా తెలిసేది కాదు.

నా చేతిసంచీలో ఒక చేప దవడ ఉంది. పాత పొందూరు పంచె ముక్కలో చుట్టి తెచ్చాను. తొమ్మిదేళ్ళ వయసులో ఆ దిబ్బ మీద నేనొక అబద్ధమాడాను. ఒకే ఒక్క మాట. ఆ మాట వల్ల మా మామ్మ తన జీవితమంతా వడికిన సన్ననూలు వడకడం మానేయాల్సి వచ్చింది. తన చేతిలోంచే ఆ పనితనం పోయిందనుకుంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను నిజం చెప్పలేదు. ముప్ఫయ్యేళ్ళపాటు బడిలో పిల్లల్ని నిలబెట్టి, అబద్ధమాడితే నాకు నచ్చదు అని కళ్ళెర్రజేసినదాన్ని నేనే. సిగ్గులేనిదాన్ని. ఇప్పుడు నాకు మామ్మ వయసు వచ్చింది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఇంక చెప్పలేననిపించింది. ఎవరూ దొరక్కపోతే ఆ దిబ్బకైనా చెప్పి, ఆ దవడని ఆ నీళ్ళలో వదిలేసి రావాలని బయల్దేరాను.

అసలిది బయటపడింది పద్మ చేతిలోనే. పోయిన నెల అటక సర్దుతూ మామ్మ రేకుడబ్బా ఒకటి దించింది. మూత తీసి, ముక్కు మూసుకుని, "ఓలమ్మో! వదినా, సేప ముల్లు దాసుకున్నారేటి మీవోలు? పులుసు పెట్టుకుందారనేటి?" అని కేకేసింది. చెత్తబుట్టలో వేయబోతుంటే పరుగెత్తి పట్టుకున్నాను. జానెడు కూడా లేదు. చిన్న కొడవలిలా వంపు తిరిగి, పసుపు పచ్చబడి, లోపలి అంచున వేలెడు మేర ఇసుక రేణువులంత పళ్ళు. దాని చివర, దిబ్బ మీద చేపలు పట్టే అప్పన్న మావ కట్టిన వలదారం ముడి అలాగే ఉంది. నిజానికి దానికి చేప వాసన లేదు. ఆముదం వాసన, పత్తిగింజల వాసన, లోపలెక్కడో చుట్టపొగ వాసన. ఆ మూడూ కలిస్తే మా మామ్మ. అటక కింద నేల మీద కూలబడి ఎంతసేపు వాసన చూశానో నాకే తెలియదు. పద్మ బెదిరిపోయి మంచినీళ్ళు తెచ్చింది.

పొందూరులో నూలు వడికే ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు గానీ మిగిలినవాళ్ళకి చెప్పాలి. సన్ననూలుకి పత్తిని ముందు దువ్వాలి. గింజ తీయకముందే, గింజని వేళ్ళతో పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడతో మెల్లగా దువ్వుతారు. చెత్త రాలిపోయి, పోగులన్నీ ఒక్క దిక్కుకి తిరిగి, పసిపిల్ల తల దువ్వినట్టు నిగనిగలాడతాయి. ఇనుప దువ్వెనలు పనికి రావు, పోగు తెగిపోతుంది. వాలుగ పళ్ళే కావాలి. మా మామ్మ వడికేది వంద నంబరు నూలు. కళ్ళ దగ్గర పెట్టుకుంటే తప్ప కనపడదు. ఆ నూలు వడికే చేతులు ఊళ్ళో అప్పటికే కొన్నే ఉండేవి. నూలు అప్పగించే కేంద్రంలో గుమాస్తా మిగతావాళ్ళ నూలు చుట్టల్ని, అంటే చిలపల్ని, గంపలో వేసి, మామ్మ చిలపని మాత్రం వేరే గుడ్డలో పెట్టేవాడు. ఆ గుడ్డ కేసి చూడనట్టు చూసి, కొంగు సర్దుకుని, మామ్మ మెట్లు దిగేది. ఆవిడకి గర్వం అంటూ ఉంటే అదే.

ఇంట్లో ఆవిడ పని వేళల్లో మేం గాలి లేనట్టు బతకాలి. తూరుపు గది తలుపులు వేసేసి, పైన ఒక్క అద్దం పెంకులోంచి పడే వెలుగులో కూర్చునేది. పరుగెత్తితే దూది ఎగురుతుంది, నవ్వితే దూది ఎగురుతుంది. "ఒసే గుంటా, తుమ్మొస్తే పెరట్లోకెల్లి తుమ్ము" అనేది. దువ్విన దూదిని ఏకులు చేసి అరటి దొప్పలో పెట్టేది. ఆ దొప్ప చల్లదనానికి ఏకులు తాజాగా ఉంటాయట. ఎప్పుడైనా తూరుపు గదిలోకి తొంగిచూస్తే పచ్చి అరటి వాసన, కదురుకి రాసిన ఆముదం వాసన, ఆ ఒక్క కిరణంలో తేలుతున్న దూది, దాని వెనక మామ్మ. రాట్నం తిరుగుతున్న చప్పుడు గదిలోంచి వస్తున్నట్టుండేది కాదు, మన చెవిలోనే పుడుతున్నట్టుండేది. మధ్యాహ్నం బడి లేని రోజుల్లో ఆ గుమ్మం బయట పడుకుని నేను ఎన్ని నిద్రలు పోయానో.

మామ్మకి అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళకి అది వింత కాదు. కానీ పత్తి ఉన్న ఇంట్లో నిప్పుకి చోటు లేదు. పెరటి గోడ దాటి, నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, దొంగతనం చేస్తున్నట్టు రెండు పీల్పులు పీల్చి, నోరు పుక్కిలించి, చేతులు మూడుసార్లు కడుక్కుని లోపలికొచ్చేది. ఆవిడ తనివితీరా కాళ్ళు చాపుకుని చుట్ట కాల్చుకునేది ఏడాదికి ఒక్క రోజు. దీపాలదిబ్బకి వెళ్ళే రోజు. పడవలో దూది లేదు, చుట్టూ నీళ్ళు.

ఆ దిబ్బ మీద అప్పుడు పది జాలరి ఇళ్ళుండేవి. అందులో అప్పన్న మావ ఇల్లొకటి. వరదల కాలంలో పడిన వాలుగల దవడలు తీసి, శుభ్రం చేసి, పొయ్యి పైన చూరుకి వేలాడగట్టి పొగలో ఎండబెట్టేవాడు. వాటిని అమ్మడం, కొనడం లేదు. మామ్మ తన చేత్తో వడికిన వంద నంబరు చిలప ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చేది. అప్పన్న మావ దాన్ని పసుపునీళ్ళలో ముంచి గంగమ్మ పేరు చెప్పి పడవ ముందు కొసకి కట్టేవాడు. ఏడాది తిరిగేసరికి పాత దవడ పళ్ళు అరిగిపోతాయి గనక, మామ్మ చూరు కింద కూర్చుని తనకి నచ్చిన కొత్త దవడ ఏరుకునేది. మా మామ్మ తల్లి నాటి నుంచీ అంతే.

ఏరుకోవడానికే నేను. ఇంట్లో ఇంతమంది ఉండగా నన్నెందుకు తీసుకెళ్ళేదంటే, నా చెయ్యి కోసం. పొగ పట్టిన దవడని ఇంటికి తెచ్చి, పది రోజులు నూనె రాసి ఎండబెడితే గాని పత్తికి ఆనించరు. అందుకని అక్కడ పత్తి మీద చూడటం కుదరదు. చిన్నపిల్ల చెయ్యి మీద చూడాలి. "నా ముసలితోలుకి తెలీదే. నీ సెయ్యి దూదిలాటిది" అనేది. నేను కళ్ళు మూసుకుని చెయ్యి బోర్లా పెట్టాలి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా దవడని మెల్లగా లాగేది. "ఏటి?" అని అడిగేది. నేను మూడింట్లో ఒకటి చెప్పాలి. ఏటీ లేదు అంటే పళ్ళు మొండివి. గీరతంది అంటే పళ్ళు కరుకు, పోగు తెంపేస్తుంది. సక్కలిగిలి అంటే అదీ దవడ. డజను దవడల్లో సక్కలిగిలి పెట్టేవి ఒకటో రెండో. ఆ ఒక్క పూటా మామ్మ నా మాట కోసం నా మొహం వంక చూస్తూ కూర్చునేది. ఇంట్లో నా మాటకి విలువిచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి.

తెల్లవారక ముందే చోడి అంబలి తాగి, చిమ్మిలి ఉండలు మూటగట్టుకుని, రెండు బస్సులు మారి రేవుకి చేరేవాళ్ళం. అప్పన్న మావ నాటుపడవతో సిద్ధంగా ఉండేవాడు. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, గెడ నీళ్ళలోంచి లేచిన చప్పుడు, అంతే. మంచులో పడవ పోతుంటే లోకమంతా తూరుపు గది అయిపోయిందనిపించేది. ఎవరో పెద్ద చేత్తో దూది ఏకి నది మీద పరిచారని, గట్టిగా నవ్వితే ఎగిరిపోతుందని, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. మామ్మ చుట్ట వెలిగించి, మంట కొస నోట్లో పెట్టుకుని, ముక్కులోంచి పొగ వదిలి, "ఏటే అలా కూకున్నావు, నవ్వీ. ఇక్కడ దూదేటీ నేదు" అనేది. అదేమిటో ఆవిడకి నా మనసులోది తెలిసిపోయేది.

ఆ దిబ్బకి తూర్పు కొసన దీపం మేడ ఉంది. సున్నపు గచ్చుతో కట్టిన గుండ్రటి బురుజు. దీపం ఏ కాలంలో ఆరిపోయిందో గాని మెట్లు మిగిలాయి. పైకెక్కితే సముద్రం కనపడుతుందని అప్పన్న మావ కూతురు నూకాలు నన్ను ఊరించేది. నాకంటే ఏడాది పెద్ద. రోజుకి పదిసార్లు ఎక్కి దిగేది. నేను వెళ్ళిన మొదటి రెండేళ్ళూ దవడలు చూసేసరికి పాటు మొదలైపోయింది. నీళ్ళు తీసేస్తే పడవ బురదలో కూరుకుపోతుంది, బయల్దేరాలి. రెండేళ్ళూ ఏడ్చుకుంటూ పడవెక్కాను. మూడో ఏడు మామ్మ మాటిచ్చింది. "దవడ తేల్చేసిన ఎంటనే మేడెక్కీ. నాను ఆపను." ఆ ఏడాదంతా నేను ఆ మెట్ల గురించే కలలు కన్నాను.

ఆ ఏడు మంచు ఆలస్యంగా విడింది, మేమూ ఆలస్యంగా చేరాం. అప్పన్న మావ నీళ్ళ వంక చూసి, "అమ్మా, ఇయ్యాల ఎక్కువ సేపు నేదు, బేగి తెములుకోవాలి" అన్నాడు. చూరుకి పద్నాలుగు దవడలు వేలాడుతున్నాయి. నూకాలు గుమ్మంలో నిలబడి కళ్ళతోనే రమ్మంటోంది. మామ్మ మొదటిది లాగింది. ఏటీ లేదన్నాను, అది నిజం. రెండోది లాగింది. అది గీరింది. ముంజేతి మీద తెల్లటి గీత పడేలా గీరింది. ఇంకా పన్నెండున్నాయి. నేను కళ్ళు మూసుకునే, "సక్కలిగిలి మామ్మా" అన్నాను.

మామ్మ దవడని నా చేతి మీద నుంచి తీసేసింది. "నిజిమేనా?" అంది. "నిజిమే." ఆవిడ చేతిలో దవడ కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని కొంగున కట్టుకుంది. "అయితే ఎల్లు. జారకుండా ఎక్కు" అంది. అప్పటికే నేను గుమ్మం దాటేశాను.

ఆ మేడ మీద నేను చూసింది ఇప్పటికీ ఎవరికీ సరిగా చెప్పలేను. కింద మంచు ఇంకా నది మీదే ఉంది. దాని పైకి మేమిద్దరమే తేలాం. దూరంగా మంచు ఆగిపోయిన చోట సముద్రం. నీలం కాదు, వెండీ కాదు, అప్పుడే ఉతికి ఆరేసిన పంచె రంగు. నాలుగు తెరచాపలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నూకాలు ఇటుకలు చూపించింది, నా రెండు అరచేతులంత వెడల్పు. ఏ కాలం వాళ్ళో ఎత్తిన ఇటుకల మీద నా చెయ్యి పెట్టాను. ముంజేతి మీద గీత ఇంకా మండుతోంది. నాకేం పట్టలేదు. అంత ఆనందంగా నేను మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా అంటే, పెళ్ళినాడు కూడా లేనేమో. వెనక్కొచ్చేటప్పుడు మామ్మ ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాను. సగం నిద్రలో నా చెవి పక్కన ఆవిడ గాజులు రెండు మూడుసార్లు కదిలిన చప్పుడు విన్న గుర్తు. ఆవిడ చుట్ట ఆరిపోయి ఉంది.

తర్వాత కొత్త పత్తి వచ్చింది. మామ్మ దువ్వింది, ఏకింది, వడికింది. దారం తెగింది. అతికి మళ్ళీ వడికింది, మళ్ళీ తెగింది. రాట్నం ఆగి ఆగి తిరగడం గుమ్మం బయట పడుకుని నేను విన్నాను. కేంద్రంలో గుమాస్తా చిలపని వేళ్ళతో సాగదీసి, "ఏటిది పెద్దమ్మా, మీ నూలేనా?" అన్నాడు. మా నాన్న, "దవడ బాగోలేదేమో, ఇంకోటి తెచ్చుకోరాదా" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. మామ్మ తల అడ్డంగా ఊపింది. "దవడకేటీ కాలేదురా. నా సెయ్యే పోనాది. వయసైపోనాది కాదేటి" అంది. నేను అక్కడే ఉన్నాను. అన్నం కలుపుకుంటున్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. తిన్నాను. ఆ ఎండాకాలం దాటేసరికి ఆవిడకి వంద నంబరు పత్తి ఇవ్వడం మానేసి ముతక నూలుకి మార్చారు. కేంద్రంలో ఆవిడ చిలపలు అందరి చిలపలతో పాటు గంపలో పడ్డాయి. బడులు తెరవగానే నన్ను విజయనగరంలో మేనత్త ఇంటికి చదువుకి పంపేశారు. మళ్ళీ దిబ్బకి వెళ్ళలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా మామ్మ పోయింది. నేను వెళ్ళేసరికి రాట్నానికి గుడ్డ కప్పేసి ఉంది.

"వదినా, వచ్చేసినాది, దిగండి" అని పద్మ మోచేత్తో పొడిచింది. దీపాలదిబ్బ. ఇప్పుడు దానికి సిమెంటు రేవు, దాని మీద స్టీలు కమ్మీలు. పట్టుకుని దిగాను. ఒట్టు, హాయిగా ఉంది. అప్పుడు మోకాళ్ళ దాకా బురదలో దిగేవాళ్ళం. మామ్మకి ఆ కమ్మీలుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. పాతదంతా బంగారం అని నేననను. లైఫ్ జాకెట్టు లేకుండా, ఈత రాకుండా, తొమ్మిదేళ్ళ పిల్లని నాటుపడవలో తిప్పారు మావాళ్ళు, ఏదైనా జరిగుంటే? కానీ దిగగానే చెవులు వెతుక్కున్నది మాత్రం గెడ చప్పుడునే. దీపం మేడ చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం వేశారు. మెట్లు బలహీనంగా ఉన్నాయట. జాలరి ఇళ్ళు ఒక్కటీ లేదు. అవి ఉన్నచోట గడ్డి, కూర్చోడానికి బల్లలు, సెల్ఫీ కోసం పెట్టిన పెద్ద గుండె బొమ్మ. పద్మ దాని లోపల దూరి నిలబడింది.

కంచె పక్కన ఒకావిడ ఉడికించిన వేరుసెనక్కాయలు అమ్ముతోంది. నల్లగా, పొడుగ్గా, నుదుట రూపాయంత బొట్టు. అప్పన్న మావ వాళ్ళవాళ్ళు ఎక్కడున్నారో తెలుసా అని అడిగాను. తలెత్తి, "ఏ అప్పన్న? మా అయ్యేనా?" అంది. ఆ కళ్ళు చూశాక ఇంక అడగక్కర్లేదు. "నూకాలూ" అన్నాను. ఆవిడకి నేను గుర్తు రాలేదు. మాటలకంటే సంచీలోది తీయడం సులువనిపించింది. గుడ్డ విప్పాను. నూకాలు దవడని తీసుకుని, తిప్పి, వలదారం ముడిని బొటనవేలితో తడిమింది. "ఇది మా అయ్య ముడి" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "ఓలమ్మో! పొందూరు గుంటవా? మేడెక్కిన గుంటవా?" అని అరిచి రెండు చేతులూ పట్టుకుంది. ఉప్పునీళ్ళతో తడిసిన చేతులు.

వేరుసెనగల గంప పక్కనే ఇద్దరం కూలబడ్డాం. అప్పన్న మావ పోయి చాలా కాలమైందట. ఒక తుపానుకి దిబ్బ మీద ఇళ్ళన్నీ పోతే అవతలి గట్టుకి వెళ్ళిపోయారట. ఇప్పుడు పొద్దున్నే మొదటి పడవలో వచ్చి ఆఖరి పడవలో వెళ్తుందట. "మా ఊరికి నాను టూరిస్టునైపోనాను" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చెప్పేశాను. గీరింది, సక్కలిగిలి అన్నాను, నీతో మేడెక్కాలని. మామ్మ తన చెయ్యి పోయిందనుకునే పోయింది. నా వల్ల. ముసలిదాన్ని, రేవు నిండా జనం, ఏడ్చాను.

నూకాలు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత నా భుజం మీద ఒక్కటేసింది. "మీ మామ్మకి తెలీదనుకున్నావేటి?"

ఏడుపు ఆపి తలెత్తాను.

"ఆ మర్సటేడు ఒక్కర్తీ వచ్చినాది. నాకు గేపకం ఎందుకంటే, సిలప తెచ్చినాది కాదేటి, అది లావు నూలు. మా అయ్య నవ్వి, ఇది నూలా, వలతాడా అమ్మా అన్నాడు. అప్పుడు సెప్పినాది. నిరుడు పడవలోనే నా సేతి మీద లాక్కుని సూసుకున్నాను అప్పన్నా, గీరింది అన్నాది. మూడుసార్లు లాక్కున్నాను, మూడుసార్లూ గీరింది. పిల్ల మేడెక్కాలని తొందరపడ్డాది, దాన్ని ఒళ్ళో నిద్దరోనిచ్చి కూకున్నాను అన్నాది."

నా చెవి పక్కన కదిలిన గాజులు. అప్పుడు వింటున్నట్టే విన్నాను.

"మరి ఇంకో దవడ తీసుకోలేదా?" అన్నాను.

"మా అయ్యా అదే అన్నాడు. సూరు నిండా ఉన్నాయి, మా నూకాలు సేతి మీద సూసుకో, పట్టుకెల్లు అన్నాడు. నాను సెయ్యి సాపేసినాను కూడాను. వద్దు, వొగ్గీ అన్నాది. కొత్తది పట్టుకెల్తే నూలు మల్లీ కుదురుతాది, మరి పాతదానికేటయిందని ఇంట్లో అడుగుతారు. పిల్ల మాట బయటపడిపోతాది. నా సెయ్యి పోనాదని సెప్పీసినాను, అదే ఉండనీ అన్నాది." నూకాలు గంపలోని వేరుసెనగల్ని అటూ ఇటూ సర్దింది. "ఒక మంచిది దాసుంచు, పిల్ల పెద్దదై ఎప్పుడో వస్తాది, అదే ఏరుకుంటాది అన్నాది. మా అయ్య దాసినాడు. శానా ఏళ్ళు సూరుకే ఉండీది. ఏటి సెప్పమంతావు, తుపానుకి ఇల్లే పోనాది."

నేను నది వంక చూశాను. మంచు విడిపోతోంది. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి. అన్నం కలుపుకుంటున్న నా ఎదురుగా, నా వంక చూడకుండా, నా సెయ్యే పోనాది అంటున్న మామ్మ మొహం ఇన్నేళ్ళూ ఓడిపోయిన మనిషి మొహంలా గుర్తుంది. అది నన్ను కాపాడుకుంటున్న మొహం. కేంద్రంలో వేరే గుడ్డ, మెట్లు దిగేటప్పుడు కొంగు సర్దుకోవడం, ఆవిడకున్న ఒకే ఒక్క గర్వం, అన్నీ తెలిసే నా మాట కింద పెట్టేసింది. నేను మళ్ళీ వస్తానని కూడా నమ్మింది. ఇంత ఆలస్యం చేస్తానని మాత్రం అనుకుని ఉండదు.

పడవాయన హారను కొట్టాడు. ముప్పావుగంట అయిపోయింది. జనం రేవు మీదికి పోతున్నారు. "వదినా! బేగి రండి, పడవెల్లిపోతాది!" అని పద్మ స్టీలు కమ్మీల దగ్గర నుంచి చేతులూపుతోంది. నేను లేవబోయాను. నూకాలు లేవనివ్వలేదు. నా కుడిచెయ్యి లాక్కుని తన మోకాలి మీద బోర్లా పెట్టుకుంది. నరాలు తేలి, మచ్చలు పడి, మామ్మ చెయ్యిలాగే ఉంది అది.

"కళ్ళు మూసుకో" అంది.

మూసుకున్నాను. హారను మళ్ళీ మోగింది. దవడ మణికట్టు దగ్గర ఆనింది. మెల్లగా, వేళ్ళ దాకా వచ్చింది. ముసలితోలుకి తెలీదనేది మామ్మ. తెలుస్తుంది. పన్ను పన్నూ తెలుస్తుంది.

"ఏటి?" అంది నూకాలు.

ఈసారి తొందరపడలేదు. చివరి వేలి కొస దాటేదాకా ఆగాను.

"గీరతంది" అన్నాను.